ప్రయోగశాల కోరిన ఆచార్యుడు – పియరీ క్యూరీ

రేడియమును కనుగొన్న దంపతులలో ఒకనిగా పియరీ క్యూరీని ఎరుగనివారరుదు. ఆ కీర్తికి మున్నే ఆయన అయస్కాంత శాస్త్రమునకు గట్టి పునాది వైచెనన్న సంగతి పలువురికి తెలియదు.

క్యూరీ 1859 మే 15న పారిస్ నగరమున ఒక వైద్యుని ఇంట జన్మించెను. బడిచదువు కుమారుని స్వభావమునకు పొసగదని గ్రహించి తండ్రి ఇంటనే విద్య గరపెను. 1880లో అన్న జాక్‌తో కలసి, కొన్ని స్ఫటికములను ఒత్తినచో విద్యుత్తు పుట్టునని క్యూరీ నిరూపించెను. 1882లో పారిస్‌లో కొత్తగా వెలసిన పారిశ్రామిక భౌతిక రసాయన పాఠశాలలో ఉద్యోగమున చేరెను. జీతము స్వల్పము; తనదని చెప్పుకొనుటకు గదియైన లేదు. మెట్లకును విద్యార్థుల ప్రయోగశాలకును నడుమనున్న నడవలోనే పరిశోధన సాగించెను.

వేడికి అయస్కాంతము బలహీనపడునని పూర్వులకును తెలియును. ఆ మార్పు ఏ నియమము ననుసరించునో తెలిసికొనుటకు క్యూరీ పలు పదార్థములను వేడిచేసి, వాని అయస్కాంత గుణమును సున్నితమైన త్రాసుతో కొలిచెను. ఇనుము సుమారు 770 డిగ్రీల సెంటీగ్రేడు కడ ఆ బలమును కోల్పోవును. ఇట్టి హద్దునే నేడు క్యూరీ ఉష్ణోగ్రత అందురు. 1895లో ఈ కృషికే ఆయనకు డాక్టరేటు లభించెను. ఆ యేటనే మేరీని వివాహమాడెను.

1903లో నోబెల్ బహుమతి వచ్చెను. ప్రభుత్వము బిరుదు నీయజూపగా, తనకు వలసినది అలంకారము కాదనియు, ప్రయోగశాల యనియు తెలిపి నిరాకరించెను. 1906 ఏప్రిల్ 19న, వాన కురియుచుండగా, పారిస్ వీధిలో గుర్రపుబండి క్రిందపడి మరణించెను. అప్పటికి ఆయన వయస్సు 46 ఏండ్లు. కోరిన ప్రయోగశాల అమరనేలేదు.

ఆ నడవలోని ప్రశ్న మాత్రము చావలేదు. ఎలక్ట్రానుల ఆవేశముతోపాటు వాని స్పిన్‌ను గూడ వినియోగించు స్పిన్‌ట్రానిక్స్‌కు పలుచని అయస్కాంత అర్ధవాహకములు కావలెను. క్రోమియం ట్రయొడైడ్ ఒంటిపొరగా నున్నను అయస్కాంతమేయని 2017లో తేలెను. కాని దాని క్యూరీ ఉష్ణోగ్రత సున్నకు 228 డిగ్రీలు దిగువ. 2018లో ప్రకటితమైన ఒక పరిశోధనలో శాస్త్రజ్ఞులు లక్షకు పైగా పదార్థములను కంప్యూటరు గణనతో జల్లించి, పొరలుగా విడదీయదగినవి 1,825 ఏరిరి. వానిలో 258 నిశితముగా పరిశీలింపగా, 56 అయస్కాంత క్రమము గలవని తేలెను. అట్టి ప్రతిదానిని అడుగవలసిన ప్రశ్న యొక్కటే: గది వేడిమికి నిలుచునా? ఆ ప్రశ్నకు కొలమానమై నిలిచినది, గదియైన లేని ఆచార్యుని పేరే.