గురి ఒక్కటే చాలదు.. గుండూ సరైనదై ఉండాలి
* నరభక్షకుల వేటగాడు కెన్నెత్‌ ఆండర్సన్‌ జీవితం చెప్పే పాఠం

అనంతపురం: తుపాకీ పట్టిన ప్రతివాడూ వేటగాడు కాలేడు. తగలరాని చోట తగిలిన గుండు మృగాన్ని చంపదు, పగబట్టిస్తుంది. దెబ్బతిన్న జంతువు పొదల్లోకి పారిపోతే, దాని మూల్యాన్ని మరునాడు కట్టెలకు వెళ్లిన కూలీయో, మేకల కాపరియో చెల్లించవలసి వస్తుంది. దక్షిణ భారత అరణ్యాలలో నరభక్షక పులులను, చిరుతలను వేటాడి ప్రపంచ ప్రసిద్ధి పొందిన కెన్నెత్‌ ఆండర్సన్‌ తన జీవితంలో మళ్లీ మళ్లీ చూసిన సత్యమిది. చిరుతలు, ఎలుగుబంట్లు గుట్టలు దిగి పొలాల్లోకి వచ్చే కళ్యాణదుర్గం, రాయదుర్గం, మడకశిర ప్రాంతాల వారికి ఆయన అనుభవం నేటికీ ఉపయుక్తమే.

బొల్లారంలో జననం

ఆండర్సన్‌ 1910 మార్చి 8న సికింద్రాబాద్‌ సమీపంలోని బొల్లారంలో జన్మించారు. ఆయనది ఆరు తరాలుగా భారతదేశంలో స్థిరపడిన స్కాట్లాండ్‌ కుటుంబం. తండ్రి డగ్లస్‌ స్టూవర్ట్‌ ఆండర్సన్‌ సైనికుల జీతభత్యాలు చూసే కార్యాలయంలో అధికారి. బెంగళూరులోని బిషప్‌ కాటన్‌ పాఠశాలలోను, సెయింట్‌ జోసెఫ్‌ కళాశాలలోను కెన్నెత్‌ విద్యాభ్యాసం సాగింది. న్యాయశాస్త్రం చదవడానికి ఎడిన్‌బరోకు పంపితే అక్కడ మనసు నిలవక తిరిగి వచ్చేశారు. తంతి తపాలా శాఖలో సుమారు 15 ఏళ్లు పనిచేసి, అనంతరం బెంగళూరు విమానాల కర్మాగారంలో చేరారు. ఉద్యోగం పట్టణంలోనే అయినా మనసంతా అడవిలోనే ఉండేది. కన్నడం, తమిళం ధారాళంగా మాట్లాడేవారు. గిరిజనులతోను, పశువుల కాపరులతోను కలిసి తిరిగి జాడలు చదవడం నేర్చారు.

1939 నుంచి 1966 వరకు ప్రభుత్వ రికార్డుల ప్రకారం ఆయన 8 నరభక్షక చిరుతలను, 7 నరభక్షక పులులను హతమార్చారు. మైసూరు రాష్ట్రంలో అరసీకెరె పరిసరాలలో 12 మందిని పొట్టన పెట్టుకున్న ఎలుగుబంటిని కడతేర్చిందీ ఆయనే.

శేషాచలం అడవులలో..

మన సీమ అడవులతో ఆయనకు గాఢమైన అనుబంధం ఉంది. నేటి తిరుపతి జిల్లాలో భాకరాపేట, రంగంపేటలను ఆనుకొని ఉన్న చామల లోయలో మనుషులను చంపిన పులి కథ 1954లో వెలువడిన ఆయన తొలి గ్రంథంలో చోటు చేసుకుంది. గుత్తి, తాడిపత్రి, కడపల మీదుగా రేణిగుంటకు వెళ్లే రైలు మార్గంలో మామండూరు అనే చిన్న స్టేషన్‌ ఉంది. అక్కడి నరభక్షకి కథ 1957 నాటి రెండవ గ్రంథంలో కనిపిస్తుంది.

ఏ మృగానికి ఏ గుండు?

ఆండర్సన్‌ ఎక్కువగా వాడింది 405 వించెస్టర్‌ రైఫిల్‌. ఈ రైఫిల్‌ను 1895 నమూనాగా పిలుస్తారు. దీనికి సరిపడే 405 తూటాను 1904లో విడుదల చేశారు. అమెరికా మాజీ అధ్యక్షుడు థియోడర్‌ రూజ్‌వెల్ట్‌ 1909లో ఆఫ్రికాకు సింహాల వేటకు వెళ్లినపుడు ఇదే రకం రైఫిల్‌ను వెంట తీసుకెళ్లారు. దీని గుండు బరువు 300 గ్రైన్లు, అంటే 19 గ్రాములకు పైమాటే. కింది మీటను లాగి వదిలితే ఖాళీ తొడుగు బయటపడి కొత్త తూటా ఎక్కుతుంది. మీదికి దూకే పులి ముందు రెండవ గుండు పేల్చే వ్యవధి దొరకడమే దీని గొప్ప.

రైఫిల్‌ గుండ్లు ప్రధానంగా రెండు రకాలు. మొదటి రకంలో మొన వద్ద సీసం బయటికి కనిపిస్తుంది. ఒంటికి తగలగానే మొన పుట్టగొడుగులా విచ్చుకొని, తన బలమంతా లోపలే వదులుతుంది. పులి, చిరుత, కణుజు వంటి వాటికి ఇదే తగినది. రెండవ రకానికి మొన దాకా గట్టి లోహపు తొడుగు ఉంటుంది. ఇది విచ్చుకోకుండా దూసుకుపోతుంది. ఏనుగు పుర్రె వంటి దళసరి ఎముకను ఛేదించడానికి దీనిని వాడేవారు. అదే గుండు చిరుతకు మర్మస్థానం తప్పి తగిలితే సన్నని రంధ్రం చేసి అవతలికి పోతుంది. మృగం గాయంతో తప్పించుకుంటుంది.

సాంబరు దుప్పి అని కూడా పిలిచే కణుజునే నాటి తెల్లదొరలు దక్షిణాదిన పొరపాటున ఎల్క్‌ అనేవారు. అసలైన ఎల్క్‌ శీతల దేశాల జంతువు. పేరు ఏదైనా భారీ కాయం గల ఈ జాతికి చిన్న గుళ్లు చాలవు. సరిగా తగలకపోతే చాలా దూరం పరుగెత్తి, ఎవరికీ దొరకని చోట కుళ్లి చస్తుంది.

నాటు తుపాకుల శాపం

నరభక్షకులు పుట్టుకతో అలా ఉండవని ఆండర్సన్‌ గ్రంథాలు పదేపదే చెబుతాయి. దొంగ వేటగాళ్ల నాటు తుపాకుల నుంచి, గుళ్ల తుపాకుల నుంచి వెలువడిన గుళ్లు పులి కాలిలోనో దవడలోనో దిగబడి, అడవి జంతువును వేటాడే శక్తిని హరిస్తాయి. అప్పుడది సులభంగా దొరికే మనిషి మీద పడుతుంది. ముళ్లపంది ముళ్లు గుచ్చుకున్న పులులదీ ఇదే దుస్థితి. నేపాల్‌లోను, కుమావోన్‌లోను 436 మందిని బలిగొన్న చంపావత్‌ ఆడపులిని 1907లో జిమ్‌ కార్బెట్‌ చంపినపుడు, పాత తుపాకీ దెబ్బకు దాని కుడివైపు కోరలు విరిగి ఉండడం బయటపడింది. ఒకరి చేతకాని గుండు వందల కుటుంబాలను దుఃఖంలో ముంచింది.

అందుకే మృగాన్ని గాయపరిచి ఇంటికి తిరిగిరావడం ఆండర్సన్‌ దృష్టిలో క్షమించరాని తప్పు. నెత్తుటి జాడ పట్టుకొని పొదల్లోకి స్వయంగా వెళ్లేవారు. ప్రాణాపాయమని తెలిసినా ఆ బాధ్యతను ఇతరుల మీదికి నెట్టలేదు.

తుపాకీ విడిచి..

వయసు పెరిగే కొద్దీ ఆయనకు వేట మీద మక్కువ తగ్గింది. తుపాకీకి బదులు కెమెరా పట్టాలని ప్రబోధించారు. ఆయుధం లేకుండా ఒంటరిగా అడవిలో గడిపేవారు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. మరుసటి సంవత్సరమే పులుల పరిరక్షణ పథకం ఆరంభమైంది. 1974 ఆగస్టు 30న ఆండర్సన్‌ క్యాన్సర్‌తో కన్నుమూశారు. చివరి గ్రంథాలలో ఒకటి ఆయన మరణానంతరం, 1976లో వెలువడింది.

వేట నేడు నేరం. వేరుశనగ చేలో పడిన అడవి పంది మీద నాటు తుపాకీ పేల్చినా, పొలం గట్టున నాటు బాంబు పెట్టినా చట్టం ఊరుకోదు. చట్టం సంగతి అటుంచితే, గాయపడి గుట్టకు చేరిన చిరుతో ఎలుగుబంటో మళ్లీ ఊరి దారికే వస్తుంది. అప్పుడు దానికి ఎదురుపడేది గుండు పేల్చినవాడే కానక్కరలేదు. గొర్రెలు తోలుకొని వెళ్లే పసివాడైనా కావచ్చు. క్రూరమృగం కంటపడితే అటవీ సిబ్బందికి కబురు చేయడమే ఊరికి క్షేమం.