ఏడో నిజాం: గద్దె పోయినవాడు, ప్రాణం పోయినవారు

ప్రతి సంవత్సరం సెప్టెంబరు 17 వచ్చేసరికి మన తెలంగాణలో ఒకే రోజుకు నాలుగు పేర్లు వినిపిస్తాయి. విమోచనం అంటారు కొందరు. విలీనం అంటారు ఇంకొందరు. విద్రోహం అనేవారూ ఉన్నారు. ఈ మధ్య సమైక్యత అనే పేరు కూడా చేరింది. పేరు దగ్గర తగవు పడి, ఆ రోజుకు ముందూ తరువాతా ఏం జరిగిందో చదవడం మానేశాం. అందుకే ఈ వారం ఒక మనిషి జీవితం చెప్పుకుందాం. ఆయన ఏడో నిజాం, మీర్ ఉస్మాన్ అలీఖాన్. లక్సెట్టిపేట అప్పుడు ఆదిలాబాద్ జిల్లాలో ఒక తాలూకా. మన తాతలు శిస్తు కట్టింది ఆయన ఖజానాకే.

ఆయన 1886 ఏప్రిల్ 6న పుట్టారు. తండ్రి మహబూబ్ అలీఖాన్ 1911 ఆగస్టులో చనిపోగా, ఇరవై అయిదేళ్ళ వయసులో గద్దె ఎక్కారు. రాజ్యం ఎనభై రెండు వేల చదరపు మైళ్ళు. తెలుగు, మరాఠీ, కన్నడం మాట్లాడే ప్రాంతాలు అందులో ఉండేవి, పాలన మాత్రం ఉర్దూలో జరిగేది. జనంలో ముస్లింలు ఎనిమిదో వంతుకు అటూ ఇటూ ఉండేవారు. పెద్ద ఉద్యోగాలలో, పోలీసులో, సైన్యంలో మాత్రం వారి పాలు అంతకు చాలా ఎక్కువ. మిగతా జనానికి నిజాం ప్రభువు అంటే కనబడని మాట, కనబడేది ఊరి దొర. వెట్టి చేయించుకునేది, గడీకి పిలిపించేది ఆ దొరే. ఆ దొరల్లో ఎక్కువమంది హిందువులు. ఈ సంగతి మరిచిపోతే, ఆ కాలపు కథ అంతా హిందువుకూ ముస్లింకూ మధ్య తగవులా కనబడుతుంది. నిజానికి గడీకీ గుడిసెకూ మధ్య తగవు అంతకంటే పాతది.

ఆయన ఏమీ చేయలేదని చెబితే అబద్ధం. 1908 మూసీ వరద తరువాత హైదరాబాదుకు రక్షణగా ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ కట్టించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో మొదలైంది. మంజీరపై నిజాంసాగర్ 1931లో పూర్తయింది. కాజీపేట నుంచి బల్లార్షా దాకా రైలు 1929లో పడింది, మన మంచిర్యాల మీదుగా ఢిల్లీ రైళ్ళు నడుస్తున్నది ఆ దారినే. కాగజ్‌నగర్ కాగితం మిల్లు ఆయన కాలందే. మెదక్ కేథడ్రల్ 1924 క్రిస్మస్ రోజున ఆరాధనకు తెరుచుకున్నదీ, డిచ్‌పల్లిలో కుష్ఠు రోగుల ఆసుపత్రి మొదలైందీ ఆయన పాలనలోనే. 1937లో ఒక అమెరికా పత్రిక ప్రపంచంలోకెల్లా ధనవంతుడని ఆయన బొమ్మ అట్ట మీద వేసింది. అంతటివాడు మాసిన టోపీ పెట్టుకొని, చవక సిగరెట్టు కాల్చేవాడన్న కథలు హైదరాబాదులో నేటికీ చెప్పుకుంటారు. వాటిని అక్కడికే వదిలేద్దాం.

మనకు దగ్గరైన సంగతి జోడేఘాట్‌ది. ఆదిలాబాద్ అడవుల్లో గోండులు తరతరాలుగా కొట్టుకొని సాగుచేసుకున్న నేలను అటవీశాఖ తనదంది. బయటి నుంచి వచ్చినవారు పట్టాలు సంపాదించారు. నాబోతు ద్రాక్షతోట కథ ఎరిగిన సంఘాలకు ఇది వేరే చెప్పనక్కరలేదు. కుమ్రం భీం తిరగబడ్డాడు. 1940లో జోడేఘాట్‌లో నిజాం పోలీసుల తుపాకులకు బలయ్యాడు. ఆ తరువాతే ప్రభుత్వానికి మెలకువ వచ్చి, ఆస్ట్రియా నుంచి వచ్చిన హైమెండార్ఫ్ అనే పండితుణ్ణి గోండుల మధ్యకు పంపింది. ఆయన మార్లవాయిలో బడి పెట్టించారు, వేల కుటుంబాలకు పట్టాలు ఇప్పించారు. మనిషిని చంపాక భూమి ఇచ్చిన ప్రభుత్వం అది.

రాజకీయంగా మాత్రం గట్టిగా బిగించిన మూత. హైదరాబాద్ స్టేట్ కాంగ్రెస్‌ను 1938లో పుట్టకముందే నిషేధించారు. ప్రజలకు బాధ్యత వహించే మంత్రివర్గం అన్న మాట ఆయనకు చివరిదాకా మింగుడు పడలేదు. ఆ మూతను పట్టి ఉంచింది ఆయన బలం ఒక్కటే కాదు. పద్ధెనిమిదో శతాబ్దం చివరి నుంచి నిజాం వంశం ఇంగ్లీషు సైన్యం అండతోనే నిలిచింది. సికింద్రాబాద్ కంటోన్మెంటు అందుకే ఉంది. తాను ఇంగ్లీషు ప్రభుత్వంతో సమానుణ్ణని ఆయన ఒకసారి రాస్తే, 1926లో వైస్రాయి రీడింగ్ అలాంటిదేమీ లేదని మొహం మీదే చెప్పినట్టు జవాబిచ్చారు. 1948లో బయటి సైన్యం వచ్చి నిజాంను దించిందని అంటాం. అంతకుముందు నూట యాభై ఏళ్ళు ఆయన వంశాన్ని కూర్చోబెట్టింది కూడా బయటి సైన్యమే.

1947 ఆగస్టులో ఆ అండ పోయింది. నిజాం ఇటు భారతదేశంలోనూ అటు పాకిస్తానులోనూ చేరనన్నారు. ఇక్కడే ఆయన జీవితంలో అసలు ఘట్టం ఉంది. ఆ అక్టోబరులో ఢిల్లీతో ఒక ఒడంబడిక సిద్ధమైంది. నిజాం ఒప్పుకున్నారు. ఛత్తారీ నవాబు బృందం ఢిల్లీకి బయలుదేరాలి. 27 తెల్లవారుజామున మజ్లిస్ జనం వేలాదిగా వచ్చి వారి ఇళ్ళను చుట్టుముట్టారు. లాతూరు వకీలు కాసిం రజ్వీ అప్పటికి మజ్లిస్ నాయకుడు, రజాకార్లకు అధిపతి. రాజు తన నగరంలో తన దూతలను స్టేషను దాకా పంపించుకోలేకపోయారు. రజ్వీని అరెస్టు చేయడానికి బదులు బృందాన్ని మార్చారు. ఛత్తారీ వెళ్ళిపోయారు, మీర్ లాయక్ అలీ ప్రధాని అయ్యారు. నవంబరు 29న ఏడాది గడువుతో యథాతథ ఒప్పందం మీద సంతకాలయ్యాయి. నిజాం ఆ ఉదయం భయపడ్డారా, లేక రజ్వీని అడ్డం పెట్టుకొని ఎక్కువ రాబట్టవచ్చనుకున్నారా అని చరిత్రకారులు వాదించుకుంటారు. ఏదైనా ఫలితం ఒకటే. తన ఇంటి కుక్కను తాను కట్టలేనివాడు ఊరికి కావలి కాస్తానంటే నమ్మేదెవరు?

ఆ తరువాతి పది నెలలు గ్రామాలు కాలాయి. ఒకవైపు దొరల మీద కమ్యూనిస్టుల సాయుధ పోరాటం, మరోవైపు రజాకార్ల దాడులు, వసూళ్ళు. 1948 ఆగస్టులో బైరాన్‌పల్లిలో బురుజు మీదికెక్కి ఎదిరించిన ఊరివాళ్ళను వరసగా నిలబెట్టి కాల్చారు. అదే నెలలో ఇమ్రోజ్ పత్రిక సంపాదకుడు షోయబుల్లాఖాన్‌ను హైదరాబాదు వీధిలో చేతులు నరికి చంపారు. ఆయన ముస్లిం. హైదరాబాదు భారతదేశంలో కలవాలని రాయడమే ఆయన చేసిన నేరం. రజాకార్లు ముస్లింల కోసం పోరాడారని చెప్పేవారికి షోయబుల్లా పేరు ఒక్కటి చాలు.

సెప్టెంబరు 13న భారత సైన్యం షోలాపూరు వైపు నుంచీ బెజవాడ వైపు నుంచీ లోపలికి వచ్చింది. పోలీసు చర్య అని పేరు పెట్టారు, ఎందుకంటే యుద్ధం అంటే అది పరాయి దేశం మీద అవుతుంది. నిజాం ప్రభుత్వం దాన్ని అలాగే చూసింది. ఆగస్టులోనే ఐక్యరాజ్యసమితికి ఫిర్యాదు చేసింది. సెప్టెంబరు 16న పారిస్‌లో భద్రతా మండలి ఆ ఫిర్యాదు చేతికి తీసుకునే వేళకు ఇక్కడ పని దాదాపు అయిపోయింది. 17 సాయంత్రం నిజాం రేడియోలో కాల్పులు ఆపమన్నారు. మరునాడు ఆయన సేనాపతి ఎడ్రూస్ జనరల్ చౌదరికి లొంగిపోయాడు. కొద్ది రోజులకు నిజాం ఫిర్యాదు వెనక్కి తీసుకొని, రజ్వీ ముఠా తన చేతులు కట్టేసిందని రేడియోలో చెప్పుకున్నారు.

సైన్యం రావడం తప్పని అనలేం. రజాకార్లు మాటలతో ఆగేవారు కాదు, రాజు వారిని ఆపే స్థితిలో లేడు. జనంలో చాలామంది ఆ ట్యాంకులకు దండలు వేశారు. అయితే ఆ దండల పక్కనే ఇంకొకటి జరిగింది. పాత పోలీసు, పాత అమీన్లు, పాత తహసీళ్ళు ఒక్క రోజులో కూలాయి. వాటి చోటులో ఊరూరా ఎవరు నిలబడాలో ఎవరూ ఏర్పాటు చేయలేదు. ఆ ఖాళీలోకి పగ దూరింది. సరిహద్దు అవతలి నుంచి ఆయుధాలతో మూకలు వచ్చాయి. రజాకారు ఎవడో, పొలం దున్నుకునే ముస్లిం ఎవడో చూసేవారు లేరు.

నెహ్రూ విచారణకు పండిత సుందర్‌లాల్‌ను పంపారు. ఆయన గాంధీజీ మనిషి. వెంట ఖాజీ అబ్దుల్ గఫార్ ఉన్నారు. 1948 నవంబరు చివరి నుంచి మూడు వారాలకు పైగా పదహారు జిల్లాలలో తొమ్మిదింటిలో తిరిగారు, నూట తొమ్మిది గ్రామాలకు చెందిన అయిదు వందల మందికి పైగా మనుషులను అడిగి రాసుకున్నారు. పోలీసు చర్య సమయంలోనూ తరువాతా చనిపోయినవారు 27 వేల నుంచి 40 వేల దాకా ఉంటారని వారి అంచనా. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలలో ఘోరం ఎక్కువ. కొన్నిచోట్ల సైనికులే దోపిడీకి ఉసిగొల్పారనీ, మరికొన్నిచోట్ల సైనికులే కాపాడారనీ రెండూ రాశారు. ముందు రజాకార్లు చేసినదాన్నీ దాచలేదు. ఆ నివేదికలో ఇంకొక మాట కూడా ఉంది, దాన్ని ఎవరూ ఎత్తరు. హిందూ సాలెవాళ్ళు తమతో మగ్గం నేసే ముస్లిం సాలెవాళ్ళను కాపాడారు, ఆ క్రమంలో కొందరు తమ ప్రాణాలే ఇచ్చారు. ఎత్తుకుపోయిన ఆడవారిని తిరిగి ఇళ్ళకు చేర్చడంలో హిందువులు ఎందరో సాయపడ్డారు. పటేల్‌కు ఆ బృందం పని నచ్చలేదు. నివేదికను అచ్చువేయలేదు.

ఇరాక్ గుర్తుకు రాక మానదు. 2003లో సద్దాం ప్రభుత్వం మూడు వారాల్లో పడిపోయింది, సైన్యాన్నీ పార్టీవారినీ ఇంటికి పంపేశారు, 2005లో ఎన్నికలు పెట్టారు. ఎన్నికల సిరా ఆరకముందే షియాలు, సున్నీలు ఒకరి వీధులను ఒకరు ఖాళీ చేయించడం మొదలైంది. అక్కడి క్రైస్తవ సంఘాలు ఎవరి పక్షమూ కాదు, అయినా వారిలో అత్యధికులు దేశం విడిచారు. మోసుల్‌లో శతాబ్దాలుగా మోగిన గంటలు 2014లో ఆగిపోయాయి. హైదరాబాదుకు అంత కాలేదంటే కారణం సైన్యం మంచితనం ఒక్కటే కాదు. బయటినుంచి వచ్చినవారు పక్కింటివారే, భాష తెలిసినవారే. వారు వెళ్ళిపోయే ప్రశ్న లేదు. లోపల అప్పటికే పదేళ్ళుగా బాధ్యతాయుత ప్రభుత్వం కోసం జైళ్ళకు వెళ్ళినవారు ఉన్నారు. అయినా ప్రజాస్వామ్యం ట్యాంకు వెనక కూర్చొని రాలేదు. 1949 చివరిదాకా చౌదరి సైనిక పాలన. తరువాత వెల్లోడి అనే ఐ.సి.ఎస్. అధికారి ముఖ్యమంత్రి. కమ్యూనిస్టులపై సైన్యం వేట 1951 దాకా సాగింది, ఊరు వదిలి పారిపోయిన దొరలు ఖద్దరు టోపీలతో తిరిగి వచ్చారు. 1952లో ఎన్నికలు జరిగి బూర్గుల రామకృష్ణారావు ముఖ్యమంత్రి అయ్యారు. లక్సెట్టిపేట రైతు తన ప్రభుత్వాన్ని తానే ఎన్నుకోవడానికి నిజాం లొంగిపోయాక మూడేళ్ళకు పైగా పట్టింది.

మరి నిజాం? 1949 ఫిబ్రవరిలో పటేల్ విమానం బేగంపేటలో దిగితే ఆయన వెళ్ళి చేతులు జోడించారు. ఆ ఫోటో అందరూ చూసినదే. సర్ఫెఖాస్ భూములు వదులుకున్నారు, జాగీర్లు రద్దయ్యాయి. బదులుగా భరణం, బిరుదులు నిలిచాయి. 1950 జనవరి 26న ఆయన హైదరాబాదు రాష్ట్రానికి రాజప్రముఖ్ అయ్యారు. సైన్యం దించిన రాజు పదహారు నెలలకు రాజ్యాంగం కింద రాష్ట్రాధినేత. 1956లో రాష్ట్రాల పునర్విభజనతో ఆ పదవి పోయింది. రజ్వీ 1957 దాకా జైలులో ఉండి పాకిస్తాన్ వెళ్ళిపోయాడు. లాయక్ అలీ అంతకు చాలా ముందే కాపలా తప్పించుకొని అక్కడికే చేరాడు. బీదర్ పల్లెల్లో భర్తలను పోగొట్టుకున్నవారికి వెళ్ళడానికి ఏ దేశమూ లేదు.

1965 యుద్ధం వేళ ఆయన అయిదు టన్నుల బంగారం దేశానికి దానం చేశారని ఈనాటికీ సెల్‌ఫోన్లలో తిరుగుతుంది. ఆయన ఇచ్చింది 425 కిలోలు. అదీ దానం కాదు, ఆరున్నర శాతం వడ్డీకి జాతీయ రక్షణ బంగారు పథకంలో పెట్టుబడి. తప్పేమీ లేదు, కాని దానం వేరు, డిపాజిట్ వేరు.

1967 ఫిబ్రవరి 24న కింగ్ కోఠీలో కన్నుమూశారు. హైదరాబాదు వీధులు జనంతో నిండిపోయాయి, అందులో అన్ని మతాలవారూ ఉన్నారు. ఆయన కోరుకున్నట్టే ఇంటి ఎదుటి జూదీ మసీదులో తల్లి సమాధి దగ్గర పాతిపెట్టారు. సుందర్‌లాల్ నివేదిక అప్పటికి ఇంకా ఢిల్లీలో మూసిన ఫైలుగానే ఉంది.