నేల లోపలి ఒత్తిడిని లెక్కగట్టిన డార్సీ

చమురు ఇంజనీర్ల లెక్కల్లో ‘డార్సీ’ ఒక కొలమానం. రాయి గుండా నూనె, గ్యాస్, నీరు ఎంత సులువుగా కదులుతాయో దానితో కొలుస్తారు. ఆ పేరుగల మనిషి చమురు బావి తవ్వినవాడు కాదు, తన ఊరికి మంచినీళ్లు తెచ్చినవాడు. బోర్ల మీద బతికే కర్నూలు, కడప జిల్లాల వాళ్లం తెలుసుకోదగ్గ జీవితం ఆయనది.

హెన్రీ డార్సీ 1803 జూన్ 10న ఫ్రాన్సులోని డిజోన్‌లో పుట్టారు. 14వ ఏట తండ్రి పోయారు. తల్లి అప్పు చేసి ఇంటికి మాస్టర్లను పిలిపించి చదివించింది. పారిస్‌లో ఇంజనీరింగ్ చదివి, సొంతూరిలోనే కొలువు చేశారు.

అప్పట్లో డిజోన్‌లో నీటికి కటకట. వేసిన బోరు చాలినన్ని నీళ్లివ్వలేదు. డార్సీ 12 కిలోమీటర్ల అవతలి ఊటనీటిని మూసిన కాలువలో, పంపు లేకుండా, వాలు మీదే 1840లో ఊరికి చేర్చారు. తనకు రావలసిన ఫీజు కూడా వద్దన్నారు.

ఆరోగ్యం చెడినా 1855లో ఇసుక నింపిన ఇనుప గొట్టంలో నీళ్లు వదిలి పరీక్షలు చేశారు. రెండు కొసల మధ్య ఒత్తిడి తేడా పెరిగేకొద్దీ ధార పెరుగుతుంది, ఇసుక మందం పెరిగేకొద్దీ తగ్గుతుంది. 1856లో అచ్చయిన ఈ సూత్రమే డార్సీ నియమం. 1858 జనవరి 3న, 54వ ఏట ఆయన కన్నుమూశారు. మరుసటి ఏడాదే అమెరికాలో డ్రేక్ చమురు బావి పడింది.

చమురు నేలలో చెరువులా నిలిచి ఉండదు, రాతి రంధ్రాల్లో ఉంటుంది. తొలిరోజుల్లో లోపలి ఒత్తిడే దాన్ని బావి వైపు నెడుతుంది. తోడేకొద్దీ ఆ ఒత్తిడి పడిపోతుంది. పంపు బావిలోకి చేరిన నూనెను ఎత్తగలదే తప్ప, దూరాన రాతిలో ఉన్నదాన్ని కదిలించలేదు. అందుకే సహజ ఒత్తిడితో తీస్తే చాలా క్షేత్రాల్లో ఎక్కువ భాగం నూనె లోపలే మిగిలిపోతుంది. మన గోదావరి తీరంలోని రవ్వ క్షేత్రంలో లోపలికి నీళ్లు ఎక్కించి ఒత్తిడి నిలబెట్టేది ఇందుకే.

మన రాతి నేలలో నీళ్లు పగుళ్లలో ఉంటాయి. బోరు ఎండితే పెద్ద మోటారు దించుతాం, పక్కన ఇంకో బోరు వేస్తాం. మోటారు నీళ్లను పుట్టించదు. చమురు క్షేత్రానికి నీళ్లు ఎక్కించినట్టే, మన నేలకు వానను ఇంకించాలి. చెరువు పూడిక తీయడం, చెక్‌డ్యామ్ కట్టడం ఆ పనే. డార్సీ నియమాన్ని బల్ల మీద చూపడానికి ఒక గాజు గొట్టం, గుప్పెడు ఇసుక చాలు. మన బడిలో పిల్లలు ఆ ప్రయోగం చేస్తే, బోరు ఎందుకు ఎండిందో ఇంట్లో వాళ్లే చెప్పగలరు.