లెఫ్టినెంట్ కర్నల్ తారాపూర్

అశ్వికదళమను పేరు మన సైన్యమున నేటికిని నిలిచియున్నది. పెక్కు రెజిమెంట్లలో గుఱ్ఱములు మాత్రము ఏనాడో తొలగి, వాని స్థానమున టాంకులు వచ్చినవి. పూనా హార్స్ అట్టి రెజిమెంటు. 1965 సెప్టెంబరులో సియాల్‌కోట రంగమున దాని స్క్వాడ్రన్లను నడపిన అర్దేషీర్ బుర్జోర్జీ తారాపూర్ సైనికజీవితమును ప్రారంభించినది హైదరాబాదు సంస్థానపు సేనలో.

అతడు 1923 ఆగస్టు 18న బొంబాయిలో ఒక పారశీ కుటుంబమున జన్మించెను. తాతగారి కాలముననే ఆ కుటుంబము హైదరాబాదు చేరి నిజాం కొలువున కుదురుకొనెను. చదువు పూనాలో సాగినది. 1942లో 7వ హైదరాబాదు పదాతిదళమున అధికారియయ్యెను గాని, మనస్సంతయు కవచ వాహనములపైననే యుండెను. ఆ కోరిక తీరిన విధము విచిత్రమైనది. ఒకనాడు చేతిబాంబుల అభ్యాసమున, క్రొత్తగా చేరిన సిపాయి విసరిన బాంబు గురితప్పి దాపుననే పడెను. తారాపూర్ ఉరికి, దానిని చేతబట్టి ఆవలికి విసరెను. అంతలోనే అది ప్రేలి, తునకలు అతని ఱొమ్మున గ్రుచ్చుకొనెను. సంస్థాన సేనాధిపతి ఎల్ ఎద్రూస్ దీనిని కన్నులార చూచి, పిదప పిలిపించి అభినందింపగా, తారాపూర్ కోరినది బదిలీ! ఇష్టమైన బదిలీకి చెల్లింపవలసిన మూల్యమును గూర్చి ఉద్యోగులకు వేఱుగ చెప్పనక్కరలేదు. అట్లు హైదరాబాదు లాన్సర్లలో చేరి, రెండవ ప్రపంచయుద్ధమున పశ్చిమాసియాలో పనిచేసెను.

1948 సెప్టెంబరులో మేజర్ జనరల్ చౌధురి నాయకత్వమున భారతసేనయొక్క 1వ ఆర్మర్డ్ డివిజన్ హైదరాబాదున ప్రవేశింపగా ఎల్ ఎద్రూస్ లొంగిపోయెను. 1951లో తారాపూర్ భారతసైన్యపు అధికారిగా పూనా హార్స్‌లో చేరెను. పదునేడేండ్ల క్రిందట తాను కొలిచిన సేనను ఓడించిన ఆ డివిజన్‌లోనే, నాటి చౌధురియే సర్వసైన్యాధిపతిగ నుండగా, 1965లో అతడు రెజిమెంటునకు నాయకుడై యుద్ధమునకు నడచెను. ఓడినవాని మనస్సున పాతపగ యేదియు మిగిలినట్లు అతని నడత చెప్పదు.

సెప్టెంబరు 8న డివిజన్ సరిహద్దు దాటెను. 11న ఫిలోరా యొద్ద శత్రువు వజీర్‌వాలీ దిక్కునుండి భారీ టాంకులతో ఎదురుదాడి చేసెను. తారాపూర్ నిలచిన చోటు విడువక, పదాతిదళము తోడురాగా, ఒక స్క్వాడ్రన్‌తో ఫిలోరాపై దాడి జరిపెను. ఆనాడే గాయపడెను, వెనుకకు పంపుదుమనిన ఒప్పుకొనలేదు. 14న వజీర్‌వాలీ, 16న జస్సోరాన్, బుటూర్ డోగ్రాందీ గ్రామములు పట్టుబడెను. చవిందాను వెనుకనుండి ముట్టడించు పదాతిదళమునకు ఈ రెండు గ్రామములే ఆధారము. కనుకనే తన టాంకుకు పలుమార్లు దెబ్బలు తగిలినను అతడు అచ్చట నుండి కదలలేదు. ఆనాడే అచ్చటనే అసువులు బాసెను. ఆ పోరాటములలో రెజిమెంటు ఇంచుమించు 60 శత్రు టాంకులను ధ్వంసముచేసి తొమ్మిదింటిని మాత్రము కోల్పోయినదని పరమవీరచక్ర ప్రశస్తి పేర్కొనుచున్నది.

తాను మరణించినచో యుద్ధభూమిలోనే దహనము చేయవలెనని అతడు ముందే సహాధికారికి చెప్పియుంచెను. అగ్నిని పవిత్రముగ నెంచి, శవదహనమును సంప్రదాయముగ నంగీకరింపని పారశీకుని కోరిక యిది! ప్రార్థనా గ్రంథము తల్లికి, కలము కుమారునికి చేర్చుమనెను. సహచరులు ఆ కోరికను చెల్లించిరి.

చవిందా మాత్రము చిక్కలేదు. 23న కాల్పులు ఆగెను. 1966 జనవరిలో కుదిరిన తాష్కెంటు ఒప్పందము ననుసరించి భారతసేన గెలిచిన భూమిని విడిచి వెనుకకు వచ్చెను. ఆ చితి రగిలిన నేలయు అందులోనిదే.