24 మెట్లు బిగించిన రాజుగారు

దసరాల్లో మూలా నక్షత్రం రోజు పిల్లల్నీ, వాళ్ల పెన్నుల్నీ వెంటపెట్టుకుని ఇంద్రకీలాద్రి క్యూలో నిలబడే తల్లిదండ్రుల్లో మీరూ ఉండే ఉంటారు. ఆ రోజు అమ్మవారిది సరస్వతీదేవి అలంకారం. సరస్వతి అనగానే మనకు గుర్తొచ్చేది వీణ. ఈసారి ఎక్కడైనా నిజమైన వీణ కనిపిస్తే దాని మెట్లు మీ పిల్లల చేత లెక్కపెట్టించండి. 24 ఉంటాయి. వీణను ఈ రూపంలో స్థిరపరిచిన పేరు తంజావూరును ఏలిన మన తెలుగు రాజు రఘునాథ నాయకుడిది.

విజయనగర రాజుల తరఫున తమిళదేశానికి వెళ్లి అక్కడే రాజులైన తెలుగు నాయకుల వంశం ఆయనది. తండ్రి అచ్యుతప్ప నాయకుడు. 1600లో తండ్రితో పాటు పాలన మొదలుపెట్టి 1634 దాకా రాజ్యం చేశాడు. తీరిగ్గా కూర్చుని వీణ వాయించుకునే రోజులు కావవి. 1614లో విజయనగర రాజకుటుంబాన్ని సొంత సామంతులే ఊచకోత కోశారు. బతికి బయటపడిన కుర్రవాడు రామదేవరాయల పక్షాన నిలబడి, తోపూరు దగ్గర పెద్ద యుద్ధం చేసి గెలిచింది రఘునాథుడే. 1620లో డేన్మార్క్ వాళ్లు ఓడలేసుకుని వస్తే, ఒప్పందం రాసుకుని తరంగంబాడిలో కోట కట్టుకోనిచ్చాడు.

పేరెంట్స్ మీటింగుల్లో నాకు తరచూ ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది: టెన్త్‌కొస్తున్నాడు కదా మేడమ్, గిటారు క్లాసు మాన్పించమంటారా? ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఈ రాజుగారి టైమ్‌టేబుల్ గుర్తొస్తుంది. యుద్ధాలు, ఒప్పందాల మధ్యనే ఆయన తెలుగులో కావ్యాలు రాశాడు, వీణ వాయించాడు. ఆస్థానంలో చేమకూర వేంకటకవి ఉండేవాడు, 'విజయవిలాసం' అంకితమిచ్చింది ఈయనకే. రామభద్రాంబ, మధురవాణి లాంటి కవయిత్రులూ ఉండేవారు.

ఇక వీణ సంగతి. అంతకుముందు వీణలు రకరకాలుగా ఉండేవి. కొన్నింటికి ఒక్క రాగానికి కావలసిన స్వరాలకే మెట్లు పెట్టేవారు. రాగం మారిస్తే మెట్లూ మార్చుకోవాలి. అన్ని రాగాలూ పలికే వీణ గురించి 1550లోనే రామామాత్యుడు తన 'స్వరమేళకళానిధి'లో రాశాడు కాబట్టి, ఆలోచన మొత్తం రాజుగారిదే అనడం సరికాదు. ఒక స్థాయికి 12 చొప్పున రెండు స్థాయిలకు 24 మెట్లు, ఇక కదపనక్కర్లేకుండా బిగించెయ్యడం అనే పద్ధతికి మాత్రం ఆయన పేరే నిలిచింది.

ఇంట్లో గిటారు ఉంటే పిల్లలతో ఒక పని చేయించండి. పైన తీగ ఆనుకునే చోటు నుంచి కింద గుర్రం దాకా టేపుతో కొలిస్తే, 12వ మెట్టు దాదాపు సగంలో ఉంటుంది. అక్కడ నొక్కి మీటితే అదే స్వరం పై స్థాయిలో పలుకుతుంది. వీణలోనూ ఇదే లెక్క. కిందికి వచ్చేకొద్దీ మెట్ల మధ్య దూరం తగ్గుతూ పోతుంది. ఎందుకు తగ్గుతుందో వాళ్ల లెక్కల మాస్టారిని అడగనివ్వండి.

'సంగీత సుధ' అనే సంస్కృత గ్రంథం రఘునాథుడి పేరు మీదే ఉంది. అయితే అది రాసింది మా నాన్నగారేనని మంత్రి గోవింద దీక్షితుల కొడుకు వేంకటమఖి తర్వాత తన పుస్తకంలో చెప్పుకున్నాడు. పిల్లల ప్రాజెక్టులు రాత్రి పదింటికి ఎవరు పూర్తి చేస్తారో తెలిసిన మనం రాజుగారిని మరీ తప్పుపట్టలేం! 72 మేళకర్తల లెక్క వేసినవాడు ఆ వేంకటమఖే. స్థాయిలో 12 స్వరస్థానాలు స్థిరంగా నిలిచాకే ఆ లెక్కకు వీలు కుదిరింది.

రఘునాథుడి తర్వాత కొడుకు విజయరాఘవుడు రాజయ్యాడు. మన మువ్వ క్షేత్రయ్య పదాలు పాడింది ఈయన కొలువులోనే. 1673లో మధుర నాయకుల సేన వచ్చిపడింది. విజయరాఘవుడు యుద్ధంలో చనిపోయాడు, తంజావూరు చేజారింది. రెండేళ్లలో మరాఠాలు వచ్చారు. రాజులు మారినా 24 మెట్లు అలాగే ఉన్నాయి.

ఆ మెట్లు ఎలా నిలబడతాయో చూడాలంటే తంజావూరు దాకా పోనక్కర్లేదు, నూజివీడు చాలు. మామిడి పళ్లతో పాటు వీణల తయారీకీ పేరున్న ఊరది. పనస చెక్కతో కుండ, దండి చేశాక దండి మీద రెండు వరసలుగా మైనం పోసి, అందులో లోహపు మెట్లు ఒక్కొక్కటే గుచ్చుతారు. మైనంలో మసి కలుపుతారు, నల్లగా కనిపించేది అందుకే. తీగ మీటుతూ, చెవితో సరిచూసుకుంటూ మెట్టును వెంట్రుకవాసి అటూ ఇటూ జరుపుతారు. దీన్నే మేళం కట్టడం అంటారు. చెవి తప్పితే వీణంతా తప్పుతుంది.

మన ఎండలకు మైనం మెత్తబడుతుంది, ఏళ్లు గడిస్తే బీటలిస్తుంది. మీ ఇంట్లో అమ్మమ్మగారి వీణ ఏదైనా అటక మీద ఉండి, మెట్లు కదులుతుంటే గమ్ముతో అతికించకండి. గుడ్డలో చుట్టి, పిల్లల్నీ కారెక్కించుకుని ఓ ఆదివారం నూజివీడు తీసుకెళ్లండి. మేళం మళ్లీ కట్టేవాళ్లు అక్కడున్నారు.