జ్ఞానదానందినీ దేవి: గడప దాటడానికి తగిన దుస్తులు ఏ దుకాణంలోనూ దొరకని రోజుల్లో...

1864లో కలకత్తాలోని ఒక ఫ్రెంచి దుస్తుల దుకాణానికి జొరాసాంకో ఠాగూర్ల ఇంటి నుంచి ఒక అరుదైన పురమాయింపు వెళ్లింది. ఆ ఇంటి రెండో కోడలు భర్తతో కలిసి ఓడలో బొంబాయికి ప్రయాణం కావలసి ఉంది. నలుగురి ఎదుటికి రావడానికి తగిన దుస్తులు ఆమెకు కుట్టి ఇవ్వాలి. కోడలి పేరు జ్ఞానదానందినీ దేవి. అప్పటికి ఆమె వయసు 14 ఏళ్లు.

దుకాణం వారు ప్రాచ్య దేశాల తరహా అంటూ ఒక దుస్తును కుట్టి పంపారు. అందులో ఏ భాగం ఎక్కడ బిగించాలో, ఏ ముడి ఎక్కడ వేయాలో తెలిసేది కాదు. దాన్ని ధరించడం ఆమె ఒక్కరి వల్ల అయ్యే పని కాలేదు. భర్త దగ్గరుండి సాయం చేయవలసి వచ్చింది.

నగలకు, పట్టుబట్టలకు లోటు లేని ఇల్లు అది. అయినా ఆ ఇంటి కోడలికి వీధిలోకి వెళ్లడానికి కట్టుకోదగిన బట్ట లేదు. కారణం పేదరికం కాదు. ఆనాటి బెంగాల్‌లో సంపన్న కుటుంబాల స్త్రీలు రవికె గాని, లోపల లంగా గాని లేకుండా ఒకే ఒక్క పలుచని చీరను ఒంటికి చుట్టుకునేవారు. అంతఃపురం దాటి వెళ్లే అవసరమే లేనివారికి అంతకు మించిన దుస్తులు ఎందుకని ఎవరూ అడగలేదు. చీరలు అమ్మే నేతగత్తెలు అందర్ మహల్‌కే వచ్చేవారు. బేరాలన్నీ అక్కడే జరిగేవి. శరత్ నవలలను తెలుగు అనువాదాల్లో చదివినవారికి ఆ నాలుగు గోడల లోకం కొత్తది కాదు.

దోమతెరలో అతిథి

జ్ఞానదానందిని 1850 జూలై 26న జెస్సోర్ జిల్లాలోని నరేంద్రపూర్ గ్రామంలో జన్మించారు. ఆ ప్రాంతం ఇప్పుడు బంగ్లాదేశ్‌లో ఉంది. తండ్రి అభయచరణ్ ముఖోపాధ్యాయ్, తల్లి నిస్తారిణీ దేవి. ఏడేళ్ల వయసులో, 1857లో, ఆమెకు మహర్షి దేవేంద్రనాథ్ ఠాగూర్ రెండో కుమారుడు సత్యేంద్రనాథ్‌తో వివాహమైంది. రవీంద్రనాథ్ పుట్టడానికి ఇంకా నాలుగేళ్లు ఉంది.

సత్యేంద్రనాథ్‌కు పరదా పద్ధతి మీద మొదటి నుంచీ విముఖత. తన ప్రాణమిత్రుడు మన్‌మోహన్ ఘోష్‌కు భార్యను పరిచయం చేయాలని ఆయన ముచ్చటపడ్డారు. పరాయి పురుషుడు అందర్ మహల్‌లో అడుగుపెట్టే వీలు లేదు. అందుకని ఒక రాత్రి మిత్రులిద్దరూ ఒకే అడుగుల చప్పుడు వినిపించేలా జోడుగా నడుస్తూ లోపలికి వచ్చారట. మిత్రుడిని పడకమీద దోమతెర లోపలికి పంపి, సత్యేంద్రనాథ్ పడుకున్నారు. తెరలో ఒక పక్క ముసుగు వేసుకున్న చిన్నారి భార్య, మరో పక్క సిగ్గుతో బిక్కచచ్చిపోయిన మిత్రుడు. ఇద్దరిలో ఒక్కరి నోట మాట రాలేదు. కాసేపటికి వచ్చిన దారినే అతిథిని బయటికి చేర్చారు. వృద్ధాప్యంలో జ్ఞానదానందిని ఈ సంగతిని తన స్మృతుల్లో చెప్పుకొన్నారు.

1862లో ఆ మిత్రులిద్దరూ ఇంగ్లండ్ వెళ్లారు. మరుసటి ఏడాది సత్యేంద్రనాథ్ ఇండియన్ సివిల్ సర్వీసుకు ఎంపికయ్యారు. ఆ కొలువు సాధించిన తొలి భారతీయుడు ఆయనే. భార్యను కూడా ఇంగ్లండ్‌కు పిలిపించుకోవాలని ఆయన కోరుకున్నా తండ్రి ఒప్పుకోలేదు. ఆ రెండేళ్లూ ఆమె మరిది హేమేంద్రనాథ్ దగ్గర చదువుకున్నారు. మరిది ఎదుట కూర్చున్నా ముసుగు తప్పేది కాదు.

సత్యేంద్రనాథ్ తిరిగి వచ్చాక బొంబాయి ప్రెసిడెన్సీలో ఉద్యోగం ఇచ్చారు. ఈసారి భార్యను వెంట తీసుకెళ్లడానికి తండ్రి అంగీకరించారు. కానీ ఇంటి ముంగిట నిలిచిన బండి దాకా కోడలు నడిచి వెళ్లడానికి మాత్రం ఒప్పుకోలేదు. నౌకరులు, గుమస్తాలు చూస్తుండగా కోడలు వాకిలి దాటడం ఆ వంశంలో ఎరగని పని. చివరికి ఆమెను పల్లకీలో మోసుకెళ్లి ఓడ దగ్గర దించారు. ఫ్రెంచి దుకాణం వారు కుట్టిన ఆ దుస్తు ఈ ప్రయాణం కోసమే.

బొంబాయిలో చూసినదీ, మార్చుకున్నదీ

బొంబాయిలో దంపతులు పార్శీ సంస్కర్త మానక్‌జీ కర్సెట్‌జీ ఇంట దిగారు. 1863లో అలెగ్జాండ్రా పేరిట బాలికల ఆంగ్ల పాఠశాలను స్థాపించినవారు ఆయన. ఆ ఇంట్లో ఆడపిల్లలు అతిథుల ముందుకు వచ్చి మాట్లాడేవారు, బల్ల దగ్గర కూర్చుని భోజనం చేసేవారు, బండిలో షికారు వెళ్లేవారు. మాటామంతీ తెలియని బెంగాలీ కోడలికి అక్కడ మొదట ఊపిరాడలేదు. అయితే ఆమె చూపు ముందుగా వారి చీరకట్టు మీద నిలిచింది.

పార్శీ స్త్రీలు లోపల కుట్టిన బట్టలు ధరించి, వాటి మీద చీర కట్టేవారు. కొంగును వెనుక నుంచి కుడి భుజం మీదుగా ముందుకు తీసుకొచ్చేవారు. జ్ఞానదానందిని ఆ పద్ధతిని నేర్చుకున్నారు గాని ఉన్నది ఉన్నట్టు అనుసరించలేదు. కొంగును ఎడమ భుజానికి మార్చారు. అలా చేస్తే కుడిచేయి ఖాళీగా ఉంటుంది. ఎదుటివారిని పలకరించడానికైనా, పని చేసుకోవడానికైనా అడ్డు ఉండదు. చీర కింద లంగా, షిమీజు, పైన రవికె లేదా జాకెట్టు, కాళ్లకు మేజోళ్లు, బూట్లు చేర్చారు. ఫ్రెంచి దర్జీ చేతుల్లో కుదరని పని ఈ విధంగా కుదిరింది. ఈ దుస్తులను ఆమె ఎవరి సాయమూ లేకుండా ధరించగలిగారు.

ఒక సంగతి ఇక్కడ చెప్పుకోవాలి. నేటి చీరకట్టును ఆమె ఒక్కరే కనిపెట్టారని తరచుగా రాస్తుంటారు. అది అతిశయోక్తి. ముందు కుచ్చిళ్లు పోసి, ఎడమ భుజం మీద పైట వేసుకోవడం దక్కనులో, తెలుగు నేల మీద ఎరగని విషయం కాదు. దేశమంతటా ఇప్పుడు కనిపించే కట్టును దుస్తుల చరిత్ర రాసేవారు ‘నివి’ అని పిలుస్తారు, దాన్ని ఆంధ్ర దేశంతోనే ముడిపెడతారు. జ్ఞానదానందిని చేసిన పని వేరు. ఒక ప్రాంతపు కట్టును మరో ప్రాంతానికి తెచ్చి, అక్కడి స్త్రీ ఇల్లు దాటడానికి పనికొచ్చేలా మలిచారు. దాని కోసం మాటలు కూడా పడ్డారు.

గవర్నమెంట్ హౌస్‌లో ఆ సాయంత్రం

1866లో ఆమె కలకత్తాకు తిరిగి వచ్చారు. పల్లకీలో వెళ్లిన కోడలు ఈసారి బండి దిగి, అందరూ చూస్తుండగా నడిచి లోపలికి వచ్చారు. ఆ దృశ్యం చూసి ఇంట్లో శోకం అలుముకుందని ఆమె ఆడబిడ్డ, నవలా రచయిత్రి స్వర్ణకుమారీ దేవి తర్వాతి కాలంలో రాశారు. ఇంటివారిలో కొందరు ఆమెతో కలిసిమెలిసి ఉండడానికి వెనుకాడారు.

ఆ ఏడాది చివర గవర్నర్ జనరల్ నివాసంలో విందు జరిగింది. అప్పటి వైస్రాయ్ సర్ జాన్ లారెన్స్. సత్యేంద్రనాథ్‌కు ఒంట్లో బాగాలేదు. అయినా ఆహ్వానాన్ని వదులుకోకుండా ఆయన భార్యను పంపించారు. 16 ఏళ్ల జ్ఞానదానందిని తన కొత్త కట్టుతో, భర్త పక్కన లేకుండా, వందలాది తెల్లవారి మధ్యకు వెళ్లారు. ఒక బెంగాలీ హిందూ కుటుంబ స్త్రీ అటువంటి సభలో కనిపించడం ఎవరి ఊహకూ అందని విషయం. ఆమెను భోపాల్ బేగం అనుకున్నవారు కూడా ఉన్నారట.

ఒకరు మాత్రం గుర్తుపట్టారు. పాథురియాఘాటా శాఖకు చెందిన పెద్ద మనిషి ప్రసన్నకుమార్ ఠాగూర్. తమ వంశపు కోడలిని అక్కడ చూసి ఆయన సిగ్గుతో, కోపంతో విందు విడిచి వెళ్లిపోయారు.

విచిత్రమేమిటంటే, ఆమె మామగారు దేవేంద్రనాథ్ ఈ దుస్తుల విషయంలో ఆయన వైపు లేరు. కోడలు బండి దాకా నడవడానికి ఒప్పుకోని ఆయనే, ఆడపిల్లలకు మర్యాదైన దుస్తులు ఎలా ఉండాలని ఏళ్ల తరబడి ఆలోచించారు. దర్జీని కూర్చోబెట్టి కుమార్తెల కోసం రకరకాల దుస్తులు కుట్టించి చూశారు. ఏదీ ఆయన మనసుకు నచ్చలేదు. బొంబాయి నుంచి కోడలు తెచ్చిన కట్టు చూశాక ఆ వెతుకులాట ముగిసిందని స్వర్ణకుమారి రాశారు. ఠాగూర్ల ఇంటి ఆస్థాన దర్జీ నియామత్ గురించి రవీంద్రనాథ్ బాల్యస్మృతుల్లో ఒక ఫిర్యాదు కూడా ఉంది. పిల్లల చొక్కాలకు అతను జేబులు పెట్టేవాడు కాదట.

ఆ ఇంట్లో దుస్తుల ప్రయోగాలు ఆడవారికే పరిమితం కాలేదు. మరో మరిది జ్యోతిరింద్రనాథ్ దేశానికంతటికీ పనికొచ్చే మగవారి దుస్తులను రూపొందించబోయారు. పైజమాకు ముందువైపు పంచె కుచ్చిళ్లు తగిలించారు. సోలా టోపీని, తలపాగాను కలిపి ఒక శిరోవేష్టనం తయారు చేశారు. పట్టపగలు వాటిని వేసుకుని వీధిలోకి కూడా వెళ్లారు. ఆయనను చూసి అనుసరించినవారు ఒక్కరూ లేరు. వదినగారి చీర ఊరంతా పాకింది, మరిదిగారి పైజమా ఆయనతోనే ఆగింది. మొదటిది వాడుకలో అవసరం కొద్దీ సరిదిద్దుకున్నది, రెండోది సిద్ధాంతం కోసం కుట్టినది. తేడా అక్కడే ఉందనిపిస్తుంది.

పత్రికలో ప్రకటన

కొత్త కట్టు గురించి విచారించే స్త్రీలు ఎక్కువయ్యారు. ‘బామాబోధిని’ అనే స్త్రీల పత్రికలో ఆమె ఒక ప్రకటన ఇచ్చారు. ఈ తరహాలో చీర కట్టుకోదలచినవారికి తానే నేర్పుతానని దాని సారాంశం. దుకాణం పెట్టలేదు, రుసుము అడగలేదు. వచ్చినవారికి ఎదురుగా నిలబడి కట్టి చూపించారు. మొదట్లో నేర్చుకున్నవారిలో మరో ఐసీఎస్ అధికారి బిహారీలాల్ గుప్తా భార్య సౌదామిని ఒకరు.

బొంబాయి నుంచి వచ్చింది కాబట్టి మొదట దాన్ని ‘బొంబాయి దస్తూర్’ అన్నారు. బ్రహ్మసమాజ కుటుంబాల్లో స్థిరపడ్డాక ‘బ్రాహ్మికా చీర’ అనే పేరు వచ్చింది. అంతవరకు ఇంగ్లండ్ వెళ్లి వచ్చినవారి ఇళ్లలో కొందరు స్త్రీలు ఏకంగా గౌనులకు మారారు. గౌనూ, అంతఃపురపు పలుచని చీరా తప్ప మూడో దారి ఉందని వారికి ఇప్పుడు తెలిసింది.

ఈ కట్టులో ఒక లోపం ఉండేది. కొంగును తల మీదికి లాక్కోవడం వీలయ్యేది కాదు. ఆ కాలంలో అది చిన్న విషయం కాదు. కేశవ్ చంద్ర సేన్ కుమార్తె, కోచ్‌బిహార్ మహారాణి సునీతీ దేవి భుజం దగ్గర కొంగును పిన్నుతో బిగించి, తల మీద చిన్న మేలిముసుగు వేసుకునే పద్ధతి తెచ్చారు. తర్వాత ఇతరులు ఇంకా మార్పులు చేస్తూ వెళ్లారు.

ఒంటరిగా సముద్ర ప్రయాణం

1877లో ఆమె మరో సాహసం చేశారు. ముగ్గురు పిల్లలతో, గర్భవతిగా ఉండి, భర్త తోడు లేకుండా ఇంగ్లండ్‌కు ఓడెక్కారు. లండన్‌లో ఆమెను ఆదరించిన బంధువు జ్ఞానేంద్రమోహన్ ఠాగూర్. ఆమెను విందులో చూసి లేచి వెళ్లిపోయిన ప్రసన్నకుమార్‌కు ఆయన స్వయానా కుమారుడు. క్రైస్తవం స్వీకరించినందుకు ఆయనను కూడా తండ్రి దూరం పెట్టారు. తర్వాత ఆమె బ్రైటన్‌కు మారారు. 1878లో సత్యేంద్రనాథ్, 17 ఏళ్ల రవీంద్రనాథ్ అక్కడికి చేరారు.

దేశానికి తిరిగి వచ్చాక ఆమె జొరాసాంకో ఉమ్మడి ఇంట్లో ఉండలేదు. వేరుగా కాపురం పెట్టారు. 1885లో పిల్లల కోసం ‘బాలక్’ పత్రికను నడిపారు, పిల్లల నాటకాలు రాశారు. రవీంద్రనాథ్ పెళ్లి తర్వాత కొత్త కోడలు మృణాళినికి నడవడిక నేర్పే బాధ్యత ఆమె మీదే పడింది. రవీంద్రనాథ్ ‘రాజా ఓ రాణి’ నాటకాన్ని ఇంట్లో ప్రదర్శించినప్పుడు మరిది రాజుగా, వదిన రాణిగా నటించారు. ఒక బెంగాలీ పత్రిక దాని మీద దుమారం రేపింది. విందు జరిగి 20 ఏళ్లు దాటినా జనం నోళ్లు మూతపడలేదు.

కుమారుడు సురేంద్రనాథ్ రవీంద్రుని రచనలను ఆంగ్లంలోకి అనువదించారు. కుమార్తె ఇందిరా దేవి చౌధురాణి సంగీత విదుషి. కొంతకాలం విశ్వభారతికి తాత్కాలిక ఉపకులపతిగా కూడా పనిచేశారు. తల్లి చెప్పిన జ్ఞాపకాలను అక్షరబద్ధం చేసింది ఆమే. ‘పురాతని’ పేరుతో వెలువడిన ఆ పుస్తకంలో ఇంగ్లండ్ నుంచి సత్యేంద్రనాథ్ భార్యకు రాసిన ఉత్తరాలు కూడా ఉన్నాయి.

సత్యేంద్రనాథ్ 1923లో కన్నుమూశారు. జ్ఞానదానందిని 1941 అక్టోబరు 1న, రవీంద్రనాథ్ మరణించిన రెండు నెలలకు, 91 ఏళ్ల వయసులో మరణించారు. అప్పటికి బెంగాల్‌లో ఆడపిల్లలు చీర, రవికె, చెప్పులతో ట్రాముల్లో కాలేజీలకు వెళ్తున్నారు. దాన్ని బొంబాయి కట్టు అనేవారు అప్పటికి ఎవరూ మిగల్లేదు.