తెల్లరంగు వేసుకున్న మరియా

పోయిన వేసవిలో అక్క పెళ్లికి ముందు పిన్ని నాకు ఒక చిన్న క్రీమ్ డబ్బా ఇచ్చింది. ఫ్యాన్సీ షాపులో కొన్నదట. రోజూ రాత్రి రాసుకుంటే పదిహేను రోజుల్లో మొహం తేటగా అవుతుందని చెప్పింది. నిజంగానే అయింది. పెళ్లిలో ఏం వాడుతున్నావని అడగని చుట్టం లేదు. సెమిస్టర్ పరీక్షలప్పుడు రాయడం మానేశా. వారం తిరిగేసరికి బుగ్గల మీద దద్దుర్లు, ముందుకంటే ఎక్కువ నలుపు. అది కనపడకుండా మళ్లీ అదే క్రీమ్ రాశా, తగ్గింది. మానేస్తే మళ్లీ వచ్చింది. ఎగ్జిట్ కండిషన్ లేని లూప్‌లో ఉన్నానని తెలుసుకోడానికి సీఎస్ఈ చదివే నాకు మూడు నెలలు పట్టింది.

ఆ రోజుల్లోనే ఒక రాత్రి ఫోన్‌లో దద్దుర్ల గురించి వెతుకుతుంటే మరియా గన్నింగ్ తగిలింది. 1760లో చనిపోయిన అమ్మాయి. వెతికింది వదిలేసి తెల్లవారేదాకా ఆవిడ గురించే చదివా.

మరియా 1732లో ఇంగ్లండ్‌లో పుట్టింది. పెరిగింది ఐర్లండ్‌లో. తల్లిది పెద్ద వంశమే కానీ ఇంట్లో డబ్బు లేదు. చెల్లెలు ఎలిజబెత్‌తో కలిపి ఇద్దరూ చాలా అందగత్తెలు. ఆ తల్లి కూతుళ్ల అందాన్నే కట్నం లెక్క చూసింది. 1748లో డబ్లిన్ కోటలో పెద్ద విందు జరిగితే, వెళ్లడానికి మంచి బట్టలు లేవు. ఒక నాటకాల కంపెనీ మేనేజర్ వేషాల పెట్టెలోంచి డ్రెస్సులు అరువిచ్చాడు. నాటకంలో రాణి వేసే బట్టలతో నిజం దొరల ముందు నిలబడ్డారన్నమాట. అక్కడితో దశ తిరిగింది.

1750 చివర్లో లండన్ చేరారు. 1752 ఫిబ్రవరిలో చెల్లెల్ని హామిల్టన్ డ్యూక్ అర్ధరాత్రి పెళ్లి చేసుకున్నాడు. ఉంగరం లేకపోతే మంచం కర్టెన్ రింగు తీసి తొడిగారట. మార్చిలో మరియాకి కోవెంట్రీ ఎర్ల్‌తో పెళ్లయింది. ఎర్ల్ అంటే డ్యూక్ కంటే కింది మెట్టు, అయినా చాలా పెద్ద జమీందారే.

హనీమూన్‌కి పారిస్ వెళ్లారు. అక్కడ ఆడవాళ్లందరూ మొహానికి రంగు వేసుకుంటారు, మరియా కూడా వేసుకుంది. భర్తకి అది గిట్టదు. ఒక విందులో అందరి ముందు ఆమెని టేబుల్ చుట్టూ తరిమి పట్టుకుని, నాప్కిన్‌తో మొహం రుద్ది రంగు తుడిచేశాడు. ఇది హొరేస్ వాల్‌పోల్ అనే ఆయన తన ఉత్తరాల్లో రాశాడు. ఊరి కబుర్లన్నీ రాసిపెట్టే రకం, మరియా గురించి మనకి తెలిసినదాంట్లో చాలా భాగం ఆయన పుణ్యమే. రంగు విషయంలో భర్త చెప్పింది రైటే. కానీ అలా తరిమి తుడిస్తే ఎవరు వింటారు? నేనైతే మర్నాడు ఇంకో పూత ఎక్కువ వేసుకునేదాన్ని. మరియా కూడా మానలేదు.

ఆ రంగు ఏంటో చూద్దాం. సీసం రేకుల్ని వెనిగర్ ఉన్న కుండల్లో పెట్టి, చుట్టూ గుర్రపు లద్దె పేర్చి కొన్ని వారాలు వదిలేస్తారు. లద్దె కుళ్లి వేడి, కార్బన్ డయాక్సైడ్ ఇస్తుంది, వెనిగర్ ఆవిరి సీసాన్ని తింటుంది, రేకు మీద తెల్లటి పొర కడుతుంది. అది గీకి పొడి చేస్తే తెల్ల సీసం. గోడల పెయింట్ కూడా అదే. చాలా పల్చటి పూతకే మచ్చలన్నీ కప్పేస్తుంది, అందుకే అంత గిరాకీ. బుగ్గలకి వేసే ఎరుపుల్లో ఒకటి పాదరసం, గంధకం కలిసిన పొడి.

బాగున్న చర్మంలోంచి సీసం పెద్దగా లోపలికి పోదు. కానీ పూత వేసి వేసి చర్మం చెడుతుంది. చెడిన చోట నుంచి, పెదాల నుంచి, చేతుల నుంచి నోట్లోకి వెళ్తుంది. చెడిన మొహాన్ని కప్పడానికి ఇంకాస్త మందంగా పూత వేయాలి. జబ్బుకీ మందుకీ ఒకటే డబ్బా. అప్పట్లో తెలీదా అంటే, సీసంతో పని చేసేవాళ్లకి కడుపునొప్పులు రావడం, చేతులు పడిపోవడం డాక్టర్లు చూస్తూనే ఉన్నారు. అద్దం ముందు కూర్చున్నవాళ్లకి అది కూలీల జబ్బు.

పైగా జనం వదల్లేదు. వూస్టర్ ఊళ్లో ఒక చెప్పులు కుట్టే అతను ఆమె కోసం చేసిన బూటుని మనిషికి ఒక పెన్నీ చొప్పున చూపించి రెండున్నర గినీలు సంపాదించాడు. లెక్కేశా: 630 మంది, కేవలం బూటు చూడ్డానికి! 1759లో హైడ్ పార్కులో జనం మీద పడితే రాజు రెండో జార్జ్ ఆమెకి కాపలా ఇచ్చాడు. తర్వాత ముందు ఇద్దరు సార్జెంట్లు, వెనక పన్నెండు మంది సైనికులతో షికారుకి వచ్చింది. ఈ రాజుతోనే ఒకసారి, తనకి చూడాలని మిగిలిన వేడుక పట్టాభిషేకం ఒక్కటే అనేసింది. ముసలి రాజు ముందు ఆ మాటకి అర్థం ఏంటో ఆలోచించలేదు పాపం. ఆయన నవ్వేశాడట.

ఇంతమంది చూస్తున్నప్పుడు రంగు లేకుండా బయటికి ఎలా వస్తుంది? నా మొహాన్ని చూసింది పెళ్లికొచ్చిన చుట్టాలు మాత్రమే, దానికే నేను మానలేకపోయా.

చివరికి మంచాన పడింది. క్షయ అని కొందరు అంటారు, సీసమే అని ఎక్కువమంది చెప్పుకుంటారు. రెండూ కలిసి ఉండొచ్చని నాకనిపిస్తుంది. గదిలో వెలుతురు వద్దంది. టీ కెటిల్ కింద చిన్న దీపం తప్ప ఇంకో దీపం పెట్టనివ్వలేదు. 1760 సెప్టెంబర్ 30 రాత్రి చనిపోయింది, 28 నిండి కొన్ని వారాలే. శవపేటిక చూడ్డానికి పది వేల మంది వచ్చారంటారు. అక్టోబర్ 25న రాజు పోయాడు. ఇంకొక ఏడాది ఉంటే పట్టాభిషేకం చూసేది.

ఇదంతా పాత కథే. కానీ 2023లో కేరళ మలప్పురం జిల్లాలో ఫెయిర్‌నెస్ క్రీములు వాడినవాళ్లకి కిడ్నీ జబ్బులు బయటపడ్డాయి, అనుమానం పాదరసం మీద. పాదరసం మెలనిన్ తయారీని ఆపుతుంది కాబట్టి మొహం నిజంగానే తెల్లబడుతుంది, అదే దాంట్లో మోసం. మన రూల్స్ ప్రకారం క్రీముల్లో కావాలని పాదరసం కలపకూడదు, పొరపాటున చేరినా పది లక్షల భాగాల్లో ఒక భాగం దాటకూడదు. ఆ రూల్ చదివి నా డబ్బా తిప్పి చూశా. తయారీదారు పేరు లేదు, బ్యాచ్ నంబర్ లేదు, లోపల ఏముందో ఒక్క ముక్క లేదు.

స్కిన్ డాక్టర్ దగ్గరికి వెళ్లా. వెంటనే ఆపమన్నారు, యూరిన్ టెస్ట్ రాశారు. రిపోర్ట్ మామూలుగానే వచ్చింది. దద్దుర్లు రెండు నెలలు ఉన్నాయి, ఆ రెండు నెలలూ అలాగే క్లాసులకి వెళ్లా, ల్యాబ్ ఎగ్జామ్ కూడా రాశా. డబ్బా ఇంకా నా దగ్గరే ఉంది. పిన్నికి చూపించాలి. ఆవిడ మూడేళ్లుగా అదే రాస్తోంది, ఈ మధ్య కాళ్లు వాస్తున్నాయని అమ్మతో అందట. ఈ శనివారం బస్సుకి టికెట్ బుక్ చేశా.